బండి దిగబడుతుందో లేదో ముందే లెక్క కట్టవచ్చా?



పోయిన సంవత్సరం ఆగస్టులో మా పిన్నికి నొప్పులొచ్చాయి. మాది ఘాటీ పైన ఊరు. తారు రోడ్డు వదిలాక ఐదు కిలోమీటర్లు లోపలికి రావాలి. జీపు పిలిచారు. దారిలో ఒక గెడ్డ ఉంది. రెండు రోజులుగా వాన లేదు. గెడ్డ ఒడ్డున మట్టి పైకి ఎండిపోయి సన్నగా పగుళ్లు కూడా వేసింది. డ్రైవరు దిగి కాలితో రెండుసార్లు తొక్కి చూసి, "ఏటీ అవదు, ఎల్లిపోద్ది" అన్నాడు. జీపు నాలుగు మీటర్లు వెళ్లింది. పై పెచ్చు విరిగి ముందు చక్రాలు బురదలో కూరుకుపోయాయి. దాన్ని లాగడానికి రెండు గంటలు పట్టింది, అయినా రాలేదు. చివరికి డోలీ కట్టి, వెనక్కి తిరిగి గుట్ట దారిన మోసుకెళ్లారు. పిన్ని దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఇందులో డ్రైవరు తప్పేమీ లేదు. అందరం చూశాం కదా, మట్టి ఎండినట్టే ఉంది. కానీ మా చిన్నాన్న ఇప్పటికీ ఒక మాట అంటాడు: "ముందే తెలిస్తే ఇంటి కాడే డోలీ కట్టీవోళ్లం."

ముందే తెలిసే మార్గం ఉందా? ఈ ప్రశ్నే నేను మన సైన్సు మాస్టారిని అడిగాను. "ఉందిరా, బండి నేల మీద ఎలా నడుస్తుందో లెక్క కట్టే శాస్త్రమే ఉంది, దాన్ని టెర్రామెకానిక్స్ అంటారు" అన్నారు. డ్రైవరు లేని యుద్ధ బండ్లను, చంద్రుడి మీద తిరిగే బండ్లను కూడా ముందు కంప్యూటరులో నడిపి చూస్తారట. అప్పటి నుంచి మన కంప్యూటరు గదిలోనూ, హాస్టలు వెనక బురదలోనూ నేను తెలుసుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాను.

బరువు కాదు, ఒత్తిడి

బరువైన బండే దిగబడుతుందని మనం అనుకుంటాం. కొండచరియ విరిగి పడినప్పుడు ఘాట్ రోడ్డు మీదికి పొక్లెయిన్ వస్తుంది కదా. ఇరవై టన్నులు ఉంటుంది. జీపు, మనుషులతో కలిపి, రెండు టన్నులే. అయినా జీపు కూరుకుపోయే బురదలో పొక్లెయిన్ తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు?

నేలకు తెలిసేది మొత్తం బరువు కాదు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఎంత పడుతోంది అన్నదే. దీన్ని మనం కొలిచాం. గ్రాఫు కాగితం మీద నా పాదం పెట్టి చుట్టూ గీత గీసి గళ్లు లెక్కపెడితే 120 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. వంటశాలలో బియ్యం తూచే కాటా మీద నిలబడితే 42 కిలోలు. రెండు కాళ్ల మీద నిలబడినప్పుడు 42ను 240తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.17 కిలో. నడిచేటప్పుడు ఒక కాలు గాలిలో ఉంటుంది కనుక దానికి రెట్టింపు, అంటే 0.35.

ఇప్పుడు జీపు చూద్దాం. టైరులో గాలి ఎంత ఒత్తిడిలో ఉంటుందో గట్టి నేల మీద టైరు కూడా దాదాపు అంతే ఒత్తిడితో ఆనుతుంది. పంక్చరు షాపులో "ముప్పై పాయింట్లు" అంటారు కదా, అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు. ఇక ఇరవై టన్నుల పొక్లెయిన్ బరువంతా రెండు వెడల్పాటి చైన్ల మీద పరుచుకుంటుంది. లెక్క వేస్తే సుమారు 0.45 మాత్రమే. అంటే ఆ ఇనప ఏనుగు నేలను నొక్కే నొక్కుడు నేను నడిచేటప్పుడు నొక్కే దానికంటే కొంచెమే ఎక్కువ! జీపు నొక్కుడు నాకు ఆరు రెట్లు. డ్రైవరు కాలితో తొక్కి చూస్తే మట్టి ఆగిందంటే, మనిషి కాలికి ఆగిందని మాత్రమే అర్థం. టైరుకు ఆగుతుందని కాదు.

చోడవరం చుట్టుపక్కల దమ్ము చేసే ట్రాక్టర్లకు టైర్ల పక్కన ఇనప కేజీ చక్రాలు తగిలించడం మీరు చూసే ఉంటారు. దాంట్లో కిటుకు కూడా ఇదే. ఆనే జాగా పెరుగుతుంది, బురదను పట్టుకోవడానికి ఇనప పళ్లూ దొరుకుతాయి.

రెండు మూతల ప్రయోగం

ఒత్తిడి తెలిస్తే సరిపోదు. ఆ ఒత్తిడికి ఈ మట్టి ఎంత లోతు దిగుతుందో తెలియాలి. దీనికి లెక్క చూపించినవాడు పోలండులో పుట్టి, కెనడాలోనూ అమెరికాలోనూ పనిచేసిన ఇంజనీరు మెచిస్వాఫ్ బెకర్. బండ్లు నేల మీద నడిచే తీరు గురించి ఆయన పుస్తకం 1956లో వచ్చింది. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీద తోలిన బండి తయారీలో కూడా ఆయన చెయ్యి ఉంది.

బెకర్ పద్ధతి చాలా తేలిక. ఒక పలకను మట్టిలోకి నొక్కుతూ, ఎంత బరువుకు ఎంత లోతు దిగిందో రాసుకోవాలి. అయితే ఒక పలక చాలదు, రెండు సైజులు కావాలి అన్నాడు. ఎందుకో మాకు మొదట అర్థం కాలేదు. అందుకని చేసి చూశాం. 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న డబ్బా మూత ఒకటి, 10 సెంటీమీటర్లది ఒకటి తీసుకున్నాం. పెద్ద మూత వైశాల్యం చిన్నదానికి నాలుగు రెట్లు. చిన్న మూత మీద 2 కిలోలు, పెద్దదాని మీద 8 కిలోలు పెట్టాం. రెండింటి కిందా ఒత్తిడి ఒకటే. రెండూ ఒకే లోతు దిగాలని మేమంతా పందెం వేశాం. చిన్నది ఒకటిన్నర సెంటీమీటరు దిగింది, పెద్దది రెండున్నర దిగింది!

మాస్టారు చెప్పారు: పెద్ద పలక నొక్కుడు మట్టిలో ఎక్కువ లోతుకు పాకుతుంది, కింద ఉన్న మెత్తటి మట్టి కూడా కదులుతుంది. చిన్న పలక పైపైనే నొక్కుతుంది, అంచుల చుట్టూ ఉన్న మట్టి జిగురు దాన్ని ఎక్కువగా ఆపుతుంది. అందుకే రెండు సైజులతో నొక్కి చూస్తే తప్ప, అసలు బండి కింద ఏమవుతుందో ఊహించలేం. ఇదే పనికి ఇంజనీర్లు వాడే యంత్రం పేరు బెవామీటరు. అందులో నొక్కే పలకలతో పాటు మట్టిని మెలిపెట్టి చూసే పళ్ల చక్రం కూడా ఉంటుంది.

దిగడం ఒక ఎత్తు, జారడం ఒక ఎత్తు

మెలిపెట్టడం ఎందుకంటే, బండి ముందుకు పోవాలంటే చైను మట్టిని వెనక్కి తొయ్యాలి. మట్టి చీలిపోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో అంతవరకే బండికి బలం. అంతకు మించితే మట్టి తెగిపోయి చైను ఉన్నచోటే తిరుగుతుంది. చైను పది మీటర్లు తిరిగితే బండి ఎనిమిది మీటర్లే కదిలిందనుకోండి, దాన్ని 20 శాతం జారుడు అంటారు. నూటికి నూరు శాతం జారిందంటే బండి ఇక అక్కడే.

మట్టి ఓర్పు రెండు రకాలు. బంకమట్టిలో జిగురు పనిచేస్తుంది. ఎంత ఎక్కువ జాగాను పట్టుకుంటే అంత బలం, బరువు పెంచినా పెద్దగా లాభం లేదు. పొడి ఇసుకలో రాపిడి పనిచేస్తుంది. అక్కడ బరువు ఎక్కువైతే పట్టు ఎక్కువ. మన దారుల్లో రెండూ కలిసి ఉంటాయి, వాన పడితే వాటి పాళ్లు మారిపోతాయి.

ఒక లెక్క చేద్దాం. మన సైన్యంలో సారథ్ అనే చైన్ల యుద్ధ బండి ఉంది. రష్యా వాళ్ల బీఎంపీ-2 నమూనాను మన దేశంలో తయారుచేసినది. తెలంగాణలో సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఉన్న ఫ్యాక్టరీలో ఇవి తయారయ్యాయి. బరువు సుమారు 14 టన్నులు. ఒక్కో చైను వెడల్పు 30 సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు సుమారు 350 సెంటీమీటర్లు. రెండు చైన్లకూ కలిపి 21,000 చదరపు సెంటీమీటర్లు. 14,000 కిలోలను దానితో భాగిస్తే 0.67 వస్తుంది. పొక్లెయిన్ కంటే ఎక్కువ, జీపు కంటే చాలా తక్కువ.

బంకమట్టి ఓర్పు చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో అనుకుందాం. రాపిడి సాయం తక్కువే కనుక లెక్క తేలిక కావడానికి వదిలేద్దాం. అప్పుడు చైన్లకు దొరికే గరిష్ఠ తోపుడు 2,100 కిలోలు. ఇందులో గాడి తొక్కుకుంటూ పోవడానికే కొంత ఖర్చయిపోతుంది. అది 1,000 కిలోలు అనుకుందాం. మిగిలింది 1,100.

ఇరవై మీటర్లకు ఒక మీటరు లేచే మెరక వచ్చిందనుకోండి, బరువులో ఇరవయ్యో వంతు, అంటే 700 కిలోలు వెనక్కి లాగుతుంది. ఇంకా 400 మిగిలింది, ఎక్కుతుంది. పది మీటర్లకు ఒక మీటరు లేచే మెరక అయితే 1,400 కిలోలు లాగుతుంది. మిగిలింది 1,100 మాత్రమే. ఎక్కదు.

రాత్రి వాన పడింది. మట్టి ఓర్పు 0.07కు తగ్గింది, గాడి ఖర్చు 1,300కు పెరిగింది అనుకోండి. తోపుడు 1,470 మాత్రమే. సమంగా ఉన్న నేల మీద 170 కిలోలు మిగులు, ఎలాగో పాకుతుంది. నిన్న తేలిగ్గా ఎక్కిన చిన్న మెరక ఇవాళ ఎక్కదు. బండి అదే, ఇంజను అదే, డ్రైవరు అతనే. మారింది మట్టి ఒక్కటే. ఇంజను బలం ఎంత ఉన్నా ఈ లెక్కలో దాని పేరే రాలేదు చూశారా! మట్టి పట్టు ఇవ్వకపోతే ఇంజను బలం చైనును ఉత్తినే తిప్పడానికే పనికొస్తుంది.

కంప్యూటరు చేసేది ఏమిటి?

పైన చేసింది కాగితం లెక్క. నేల అంతటా ఒకేలా ఉందని, బరువు చైను కింద సమంగా పరుచుకుందని అనుకున్నాం. నిజంగా అలా ఉండదు. సారథ్‌కు ఒక్కో పక్క ఆరు చక్రాలు చైను మీద నడుస్తాయి. చక్రం సరిగ్గా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ, రెండు చక్రాల మధ్య తక్కువ. చైను ఎంత బిగువుగా ఉంది అన్నదాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. మొదటి చక్రం నొక్కిన మట్టినే రెండోది మళ్లీ నొక్కుతుంది, మూడోది మళ్లీ. బండి రాయి ఎక్కితే ఒక మూల లేస్తుంది, బరువు రెండో పక్కకు పోతుంది. ఇవన్నీ చేత్తో లెక్క కట్టాలంటే మన నోటు పుస్తకాలు చాలవు. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో జె.వై. వాంగ్ అనే ఆచార్యుడు చైన్ల బండ్ల కోసం ఇలాంటి వివరాలన్నీ కలిపి కంప్యూటరు లెక్కలు తయారుచేశారు.

కంప్యూటరు పద్ధతి మన మెస్సు లెక్కల పుస్తకం లాంటిదే. నిన్నటి నిల్వ ఎంత, ఇవాళ వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత. ఆ మిగిలినదే రేపటి మొదలు. కంప్యూటరు రోజుకు బదులు సెకనులో నూరో వంతుకు ఒక పద్దు రాస్తుంది. ఒక్కో పద్దులో చేసే పని ఇది:

ఒకటి, బండి ఇప్పుడు ఎక్కడ ఉంది, ఎటు వాలి ఉంది, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోంది.

రెండు, ఆ బరువుకు ఆ చోట మట్టి ఎంత దిగుతుంది. ఇంతకుముందు ఒక చక్రం తొక్కిన చోటా కాదా.

మూడు, గాడి తొక్కడానికి ఎంత బలం ఖర్చవుతోంది, మెరక ఎంత వెనక్కి లాగుతోంది.

నాలుగు, చైను ఎంత జారుతోంది, ఆ జారుడుకు మట్టి ఎంత పట్టు ఇస్తోంది.

ఐదు, తోపుడులోంచి ఖర్చు తీసేస్తే మిగిలినది ఎంత. దాన్ని బట్టి బండిని కొంచెం ముందుకు జరిపి, మళ్లీ ఒకటి నుంచి మొదలు.

పది సెకన్ల నడకకు వెయ్యి పద్దులన్నమాట. దీన్నే సిమ్యులేషన్ అంటారు. మన చిన్నపిల్లల మాటలో చెప్పాలంటే ఉత్తుత్తి ప్రయాణం. ఉత్తుత్తిదే కానీ లెక్క మాత్రం నిజం. ఇందులో లాభం ఏమిటంటే, ఒకే గెడ్డను వంద రకాల మట్టితో, వంద రకాల చైన్లతో దాటించి చూడవచ్చు. ఒక్క బండీ మునగదు, ఒక్క డ్రైవరుకూ దెబ్బ తగలదు. ప్రాజెక్ట్ క్రోనో అనే సాఫ్ట్‌వేరులో చైన్ల బండిని మెత్తటి నేల మీద నడిపి చూడవచ్చు. అది ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు.

డ్రైవరు లేకపోతే ఏం పోతుంది?

మనిషి లేని చైన్ల బండి కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తీగతో నడిపించే గోలియత్ అనే చిన్న చైన్ల బండిని బాంబు మొయ్యడానికి వాడారు. మన దేశంలో చెన్నై దగ్గర ఆవడిలో యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ ఉంది. డీఆర్‌డీఓకు చెందిన ఆ సంస్థ తయారుచేసిన ముంత్ర అనే మనిషి లేని చైన్ల బండిని 2017లో చూపించారు. అందులో మూడు రకాలు: నిఘాకు ఒకటి, భూమిలో పాతిన మందుపాతరలు కనిపెట్టడానికి ఒకటి, విషవాయువులు, అణుధార్మికత ఉన్న చోట్లకు పంపడానికి ఒకటి. రాజస్థాన్‌లోని మహాజన్ మైదానంలో వాటిని నడిపి చూశారు. మనిషి వెళితే చనిపోయే చోటికి బండిని పంపాలన్నదే దీని ఉద్దేశం.

యుద్ధానికే కాదు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. నీరు, రాళ్లు, మీటర్ల కొద్దీ బురద. వెతికేవాళ్ల ప్రాణాలకు కూడా ప్రమాదమని మార్చిలో రోబో యంత్రాలను కూడా తెప్పించారు. ఆ గాలింపులో ఇద్దరి మృతదేహాలు దొరికాయి.

అయితే డ్రైవరు లేకపోతే ఒకటి పోతుంది. మంచి డ్రైవరు కళ్లతోనే కాదు, ఒంటితో కూడా తోలుతాడు. సీటు వాలడం, ఇంజను గొంతు మారడం, చక్రం జారినప్పుడు బండి వణకడం, ఇవన్నీ అతనికి నడుముకే తెలుస్తాయి. దూరంగా కూర్చుని తెర చూస్తూ నడిపేవాడికి ఇవేవీ తెలియవు. కెమెరాకు పై పెచ్చు కనిపిస్తుంది కానీ కింది బురద కనిపించదు. పైగా సంకేతం చేరడానికి ఆలస్యం అవుతుంది. బండి గంటకు 18 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 5 మీటర్లతో పోతోందనుకోండి. అర సెకను ఆలస్యమైనా చాలు, మనం "ఆగు" అనేసరికి రెండున్నర మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. మా గెడ్డలో జీపు మునగడానికి నాలుగు మీటర్లే పట్టింది.

అందుకే మనిషి లేని బండికి ముందుచూపు ఇంకా ఎక్కువ కావాలి. చైను ఎంత తిరిగింది, బండి నిజంగా ఎంత కదిలింది, ఈ రెండూ పోల్చుకుని జారుడు పెరుగుతుంటే తనే ఆగిపోవాలి. ఎంత జారుడుకు ఆగాలి, ఎంత మెరకకు వెనక్కి తిరగాలి అన్నది ఉత్తుత్తి ప్రయాణాలు వేలసార్లు చేసి చూసి నేర్పవచ్చు. 2023 ఆగస్టు 27న చంద్రుడి మీద మన ప్రజ్ఞాన్ బండికి (దానికి చైన్లు కాదు, ఆరు చక్రాలు) మూడు మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. ఇస్రో వాళ్లు దాన్ని వచ్చిన దారినే వెనక్కి తిప్పి వేరే దారిన పంపారు. వెనక్కి తిరగడం ఓటమి కాదు. ముందుకు పోయి ఉంటే ఆ బండిని బయటికి లాగే మనిషి అక్కడ ఎవరూ లేరు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

కంప్యూటరుకు మట్టి తెలియదు. మనం చెప్పిన అంకెలే దానికి తెలుసు. 2009 మే నెలలో అంగారకుడి మీద అమెరికా వాళ్ల స్పిరిట్ బండి ఇసుకలో కూరుకుపోయింది. అక్కడ పైన గట్టి పెచ్చు, కింద మెత్తటి ఇసుక ఉన్నాయి. పెచ్చు విరిగింది, చక్రాలు దిగాయి. దాని చక్రం ఒకటి 2006 నుంచే తిరగడం మానేసింది. భూమి మీద అలాంటి మట్టి కలిపి, పెద్ద తొట్టెలో పోసి, ఇంకో బండితో ఎన్నో నెలలు ప్రయత్నించి చూశారు. 2010 జనవరిలో ఇక అది కదలదని ప్రకటించారు.

ఇది చదివినప్పుడు నాకు మా గెడ్డే గుర్తొచ్చింది. పైన పెచ్చు, కింద బురద. అంత చదువుకున్న ఇంజనీర్లకు కూడా కింద ఏముందో పైనుంచి కనిపించలేదు. కంప్యూటరులో లెక్క ఎంత గొప్పదైనా, మట్టిని లోపలిదాకా కొలిచి చెప్పేవాడు లేకపోతే అది ఎండిన పెచ్చునే చూస్తుంది.

ఇంకొక తప్పు కూడా జరుగుతుంది. బంకమట్టిని తొక్కేకొద్దీ అది పిండి పిసికినట్టు మెత్తబడుతుంది. మొదటి బండి దాటిందని పదో బండి దాటాలని లేదు. అందుకే సైన్యం ఇంజనీర్లు ఒక బండి ఒక్కసారి దాటడానికి మట్టి ఎంత గట్టిగా ఉండాలి, యాభైసార్లు దాటడానికి ఎంత గట్టిగా ఉండాలి అని రెండు వేరువేరు అంకెలు రాసుకుంటారు. ఆ గట్టిదనాన్ని కొలవడానికి శంఖం లాంటి మొన ఉన్న చువ్వను మట్టిలోకి గుచ్చుతారు. 1970లలో అమెరికా సైన్యం ఇంజనీర్లు మొదలుపెట్టి, తరవాత నేటో దేశాలు వాడుకున్న ఒక కంప్యూటరు పద్ధతి ఉంది. అది చివరికి ఇచ్చేది ఒక పటం. ఎక్కడ ఈ బండి పోగలదు, ఎక్కడ పోలేదు, రంగులు వేసి చూపిస్తుంది.

మా చిన్నాన్నకు ఆ రోజు కావలసింది అదే కదా. పెద్ద బండి కాదు. "ఈ దారిన ఇవాళ జీపు పోదు" అని ముందే చెప్పే ఒక్క మాట.

మనం చెయ్యగలిగింది

మన దగ్గర సైన్యం కంప్యూటరు లేదు. కానీ చువ్వ ఉంది. 12 మిల్లీమీటర్ల ఇనప చువ్వ ఒక మీటరు ముక్క తెచ్చి, మొన సాన పట్టించి, ఐదేసి సెంటీమీటర్లకు రంగు గీతలు పెట్టాం. పైన అడ్డకర్ర కట్టి రెండు ఇటుకలు వేలాడదీశాం. ఎప్పుడూ అవే ఇటుకలు వాడాలి, అప్పుడే ఒక రోజు కొలతను ఇంకో రోజుతో పోల్చగలం. మన స్కూలు వెనక మట్టి బాట మీద ఇలా గుచ్చి చూస్తే, వాన పడిన మర్నాడు 31 సెంటీమీటర్లు దిగింది. రెండు రోజులు ఎండ కాశాక 19. ఐదు రోజులకు 8. కానీ మామిడి చెట్టు నీడలో ఐదో రోజున కూడా 24 దిగింది! పైకి చూస్తే రెండు చోట్లా ఒకేలా ఎండి ఉంది.

కట్టెల ట్రాక్టరు ఆ బాట మీద వచ్చినప్పుడల్లా మేం గమనించాం. చువ్వ 15 సెంటీమీటర్ల లోపు దిగిన చోట అది హాయిగా దాటింది. 20 దాటిన చోట జారింది, ఒకసారి దిగబడింది. నాలుగుసార్లే చూశాం కనుక దీన్ని నియమం అనుకోవద్దు. జీపుకు అంకె వేరు, ఆటోకు వేరు, మట్టిని బట్టి కూడా వేరు. ఎవరి దారికి వాళ్లు కొలుచుకోవాలి.

నా ఆలోచన ఇది. దసరా సెలవులకు మనం ఇళ్లకు వెళతాం. పాడేరు వైపు వాళ్లు, చింతపల్లి వైపు వాళ్లు, జి.మాడుగుల వాళ్లు, అందరి ఊళ్లకూ ఇలాంటి దారులే ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక చువ్వ, ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లండి. మీ దారిలో బండ్లు దిగబడే చోట్లు పెద్దవాళ్లను అడగండి. ఆవులు కాసే తాతలకు ఏ మలుపులో నీరు లోపల నిలుస్తుందో మనకంటే బాగా తెలుసు. ఆ చోట్ల రోజూ గుచ్చి, వాన పడి ఎన్ని రోజులైంది, నీడ ఉందా, ఎంత లోతు దిగింది, ఆ రోజు ఏ బండి దాటింది, ఏది ఆగింది, ఇవన్నీ రాయండి. గెడ్డ పారుతున్నప్పుడు మాత్రం ఎవరూ నీటిలోకి దిగవద్దు, ఒంటరిగా అసలే వెళ్లవద్దు.

సెలవుల తరవాత ఆ పుస్తకాలన్నీ కలిపి, ఒక్కో దారికి ఒక పటం గీసి ఇక్కడే అంటిద్దాం. పోగలిగే చోట ఆకుపచ్చ, అనుమానం ఉన్నచోట పసుపు, వాన తరవాత ఇన్ని రోజులు పోకూడదన్న చోట ఎరుపు. ఒక నకలు ఊరి ఆశా కార్యకర్తకు, ఒకటి జీపు డ్రైవరుకు ఇద్దాం. మా ఊరి పటం నేను మొదలుపెట్టాను. గెడ్డ ఒడ్డున ఎరుపు వేశాను. పక్కన గుట్ట దారి ఎటు తిరగాలో కూడా గీశాను.

చువ్వ ఎలా తయారుచెయ్యాలో తెలియనివాళ్లు ఆదివారం సాయంత్రం కంప్యూటరు గది దగ్గరికి రండి. లెక్కల్లో తప్పులు కనిపిస్తే కాగితం మీద రాసి ఈ గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వెయ్యండి. వచ్చే సంచికలో దిద్దుకుందాం.

— పదో తరగతి విద్యార్థి